ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకం: పోస్టు ఖర్చే పుస్తకాన్ని మింగేస్తోంది, శ్రీకాకుళం నుంచి పంపడమా, సైటుకే వదిలేయడమా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
లెక్క కట్టేవాళ్ళకి పనికొస్తాయని వివరాలు ముందే పెడుతున్నాను. కథల సంపుటి. డెమీ సైజు, అంటే 140 × 216 మి.మీ. 232 పేజీలు. లోపల చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే కాగితం, అంటే 80 జీఎస్‌ఎం, అట్ట 300 జీఎస్‌ఎం, మాట్ లామినేషన్. వెల 220 రూపాయలు. ప్రింట్ ఆన్ డిమాండ్ సైటు (ఆర్డర్ వచ్చినప్పుడే కాపీ అచ్చేసేది) ఒక్క కాపీ పాఠకుడికి పంపడానికి 75 వేస్తోంది. రచయిత కాపీలు 30 ఒకే పెట్టెలో శ్రీకాకుళం తెప్పించుకుంటే రవాణాకి మొత్తం 480 చూపిస్తోంది, అంటే కాపీకి 16.
పదహారే కదా అని అన్నీ ఇక్కడికే తెప్పించి పోస్టాఫీసు నుంచి నేనే పంపుకుంటే మిగులుతుందా? పాఠకుల్లో సగం మంది హైదరాబాద్, విశాఖ. మిగతావాళ్ళు మన రెండు జిల్లాల్లోనే.

పలాస_జీడి (పలాస)
రిజిస్టర్డ్ బుక్ పోస్టులో వేసీండి మేస్టారూ. అంత చవక ఇంకేటుంది?

తపాలా_సంచి (బొబ్బిలి)
జీడి గారూ, ఆ సౌకర్యం 2024 డిసెంబరులోనే పోయింది. దాని బదులు 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టుని కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి పుస్తకానికి తపాలా శాఖలో ఇప్పుడు మనకి పనికొచ్చే దారులు రెండనుకోండి: జ్ఞాన్ పోస్ట్, స్పీడ్ పోస్ట్.

జ్ఞాన్ పోస్ట్‌లో దూరంతో పని లేదు. ఆమదాలవలసకైనా అస్సాంకైనా బరువును బట్టి ఒకటే రేటు:
300 గ్రా. దాకా 20
301–500 గ్రా. 25
501 గ్రా.–1 కిలో 35
2 కిలోల దాకా 50, 3 దాకా 65, 4 దాకా 80, 5 దాకా 100
వీటి మీద 18 శాతం జీఎస్టీ. అంటే 20 కాస్తా 23.60 అవుతుంది, 25 అయితే 29.50, 35 అయితే 41.30. అయిదు కిలోలు దాటితే తీసుకోరు. ట్రాకింగ్ ఉంటుంది. విమానంలో కాదు, రోడ్డు, రైలు మీదే పోతుంది, కాబట్టి ఆలస్యం మామూలే.

స్పీడ్ పోస్ట్ రేట్లు 2025 అక్టోబరు 1న మారాయి. 251–500 గ్రా. శ్లాబులో ఊళ్ళోదానికి 28, 200 కి.మీ. లోపు 70, 500 లోపు 75, 1000 లోపు 82, 2000 లోపు 86, ఆ పైన 93. దీనికీ జీఎస్టీ అదనం. ఓటీపీ చెప్తేనే ఇవ్వాలంటే ఇంకో 5.

మూడులాంతర్లు (విజయనగరం)
సంచి గారి అంకెలతో నాగావళి గారి ప్రశ్నకి జవాబు వచ్చేస్తుంది. హైదరాబాద్ పాఠకుడికి ఒక కాపీ:

సైటు నేరుగా పంపితే 75.
ఇక్కడికి తెప్పించి స్పీడ్ పోస్టులో వేస్తే 16 + 96.76 + కవరు 7 = దాదాపు 120.
ఇక్కడికి తెప్పించి జ్ఞాన్ పోస్టులో వేస్తే 16 + 29.50 + 7 = 52.50.

స్పీడ్ పోస్ట్ అయితే కాపీకి 45 చేతినుంచి పోతుంది. విశాఖకి లెక్క కట్టినా 105 దాటుతోంది. చాలామంది ‘పదహారే కదా’ దగ్గరే బోల్తా పడతారు. ఆ పదహారు సగం దారి ఖర్చు. పుస్తకం శ్రీకాకుళం వచ్చి మళ్ళీ వెనక్కి హైదరాబాద్ వెళ్తోందని మర్చిపోతారు.

కాబట్టి అంతా జ్ఞాన్ పోస్ట్ దొరకడం మీద ఉంది. దొరికితే కాపీకి 22 మిగులు, దొరక్కపోతే దూరం ఆర్డర్లు సైటుకే వదిలేయడం మేలు. సభల్లో, చేతికి చెయ్యి అమ్మేవాటికి మాత్రం ఎలా చూసినా పెట్టె తెప్పించుకోవడమే లాభం.

నాగావళి_గట్టు
‘దొరికితే’ అంటున్నారేంటి? కథల పుస్తకం ఇవ్వరా?

తపాలా_సంచి
చదువు పుస్తకాలు, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన సాహిత్యం అని నిబంధన. వ్యాపార స్వభావం ఉండకూడదు. పత్రికల్లాగా నిర్ణీత కాలానికి వచ్చేవి పనికిరావు. ప్రకటనలు ఉండకూడదు, చివర్లో ఆ ప్రచురణకర్త ఇతర పుస్తకాల జాబితా లాంటిది పర్వాలేదు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో తప్పకుండా ఉండాలి.

కథాసంపుటి సాంస్కృతిక సాహిత్యం కిందకి వస్తుందనే నా వాదన. కానీ కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఆ మాటని ఎలా చదువుకుంటారన్నది వాళ్ళ ఇష్టం. అందుకని ముప్ఫై కవర్లు అంటించేసి సంచి నింపుకుని వెళ్ళొద్దు. మొదట ఒకే ఒక కాపీ, కవరు నోరు తెరిచే ఉంచి, పట్టుకెళ్ళండి. టైటిల్ వెనక పేజీ తీసి చూపించండి. ఒప్పుకుంటే అక్కడే అంటించి బుక్ చేయించండి. కవరు మీద ‘జ్ఞాన్ పోస్ట్’ అని పెద్దగా రాయండి, లేకపోతే రద్దీలో అలవాటు కొద్దీ స్పీడ్ పోస్టులో కొట్టేస్తారు. రసీదు మీద ఏ సర్వీసు పడిందో కౌంటర్ వదలకముందే చూసుకోవాలి.

ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకాల్లో ఒక తంటా: కొన్ని సైట్లు ఇచ్చే టెంప్లేట్‌లో ముద్రాపకుడి పేరుండదు. ‘ప్రచురణ: రచయిత’ అని, ఊరి పేరుతో సహా, కాపీరైట్ పేజీలో మీరే వేసుకోవాలి. పీడీఎఫ్ అప్‌లోడ్ చేయకముందే.

డీటీపీ_కుర్చీ (విజయనగరం)
పీడీఎఫ్ దాకా వచ్చారు కాబట్టి నా మాట కూడా వినండి. పోస్టు ఖర్చు సగం అక్కడే తేలిపోతుంది.

పుస్తకం బరువు తూచక్కర్లేదు, లెక్కే కట్టొచ్చు. డెమీ ఆకు ఒకటి 0.140 × 0.216 = 0.03024 చదరపు మీటర్లు. 232 పేజీలంటే 116 ఆకులు, 3.51 చ.మీ. దాన్ని 80తో గుణిస్తే 281 గ్రా. అట్ట వెన్నుతో కలిపి 292 × 216 మి.మీ., 300 జీఎస్‌ఎంకి 19 గ్రా. మొత్తం సరిగ్గా 300. కవరు వేసేసరికి 325. అంటే 300 శ్లాబుని పాతిక గ్రాములతో దాటారు.

అదే 70 జీఎస్‌ఎం అయితే 246 + 19 = 265. కవరుతో 290. శ్లాబులో కూర్చుంది.

ఇంకా దిగాలంటే పేజీలు తగ్గించాలి. ఆ 232 పేజీల్లో కథకి కథకి మధ్య ఖాళీ పేజీలెన్ని, కుడి పేజీలోనే కథ మొదలవ్వాలన్న పట్టుదలకి ఎన్ని పోయాయో చూడండి. వాటిని తీసేసి, అక్షరం 12.5 నుంచి 12కి దించితే 208 దగ్గర ఆగొచ్చు. 70 జీఎస్‌ఎంలో 208 పేజీలు 220 + 19 = 239. కవరుతో 264.
వరసల మధ్య జాగా మాత్రం కొయ్యొద్దు. ఇంగ్లీషు పుస్తకం కొలతతో తెలుగుకి లీడింగ్ పెడితే పై వరస వత్తులు కింద వరస గుడుల్ని గుద్దుకుంటాయి.

మూడులాంతర్లు
కుర్చీ గారూ, లెక్క బావుంది గానీ 325ని 290 చేస్తే జ్ఞాన్ పోస్టులో మిగిలేది 5 రూపాయల 90 పైసలు. స్పీడ్ పోస్టులో అదీ లేదు, రెండూ 251–500 శ్లాబే. ఆరు రూపాయల కోసం పాఠకుడి కళ్ళు ఎందుకు చెడగొట్టడం?

డీటీపీ_కుర్చీ
ఒక్క కాపీకైతే మీరన్నదే నిజం. 70కి దిగితే కళ్ళకేం కాదు గానీ, 60కి దిగితే వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి, అది నేనూ ఒప్పుకోను. బరువు తగ్గించమని కాదు నా ఉద్దేశం. ఏ శ్లాబు అంచున ఉన్నారో తెలుసుకోమంటున్నాను. రెండు కాపీల కట్టకి చూడండి. 239 అయితే రెండూ 478, పల్చటి కవరుతో 500 లోపే, 29.50. ఇప్పుడున్న 300 అయితే రెండూ 600, అప్పుడు 41.30.

తపాలా_సంచి
ఆ 41.30 శ్లాబునే తిరగేసి వాడుకోవచ్చు. కిలో దాకా అదే రేటు కదా. ఇప్పుడున్న బరువుతోనే మూడు కాపీలు 900, ప్యాకింగ్ 40, మొత్తం 940. రెండు పంపినా మూడు పంపినా 41.30. కాపీకి 13.77 పడింది. పదిహేను కాపీలు 4,500, చిన్న అట్టపెట్టె 250, మొత్తం 4,750. దానికి 118. కాపీకి 7.87! హైదరాబాద్‌లో ఆవిష్కరణ సభ పెట్టుకుంటే ఇలా ఒక పెట్టె స్నేహితుడి ఇంటికి వేసీయడమే. పదహారో కాపీ దూర్చారంటే 5 కిలోలు దాటి మొత్తం పెట్టె వెనక్కి ఇచ్చేస్తారు.

పలాస_జీడి
మరి ప్రైవేటు కొరియర్లు సైజుకి కూడా డబ్బు లాగుతాయంటారు కదా, పుస్తకానికి ఆ దెబ్బ ఉండదా?

మూడులాంతర్లు
పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన కిలోలు, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి కడతాం. మీ జీడిపప్పు ప్యాకెట్టుకి తగిలినంతగా పుస్తకానికి తగలదు, కాగితం బరువైన సరుకు. పై పుస్తకం 14 × 21.6 × 1.3, అంటే 393 ఘన సెం.మీ., 5000తో భాగిస్తే 80 గ్రా. కూడా లేదు. అసలు బరువు 300.

దెబ్బ ఎక్కడంటే, ఇంట్లో ఉన్న పెద్ద డబ్బాలో అయిదు పుస్తకాలు పడేసి చుట్టూ కాగితాలు కుక్కినప్పుడు. 40 × 30 × 20 డబ్బా అయితే 4.8 కిలోలకి కట్టాలి, లోపలున్నది కిలోన్నర. 30 కాపీలకి మూడు దొంతర్లు, దొంతరకి పది: 42 × 21.6 × 13. పెట్టె లోపలి కొలత 44 × 23 × 15 చాలు. ఆ పెట్టె లెక్క మూడు కిలోలే, అసలు బరువు తొమ్మిది పైన. మీకు సైటు 480 వేసిందీ అసలు బరువుకే అయ్యుంటుంది.

కొరియర్లలో మొదటి శ్లాబు మామూలుగా 500 గ్రా. కాబట్టి కుర్చీ గారి 70 జీఎస్‌ఎం వాళ్ళ దగ్గర ఏమీ మిగల్చదు. సీఓడీ (పుస్తకం అందాక డబ్బు) మాత్రం వద్దు. ముందు యూపీఐలో డబ్బు పడ్డాకే పంపండి. పుస్తకం తిరిగొస్తే పోను ఖర్చు, రాను ఖర్చు రెండూ మీవే. ప్రింట్ ఆన్ డిమాండ్ కాపీని సైటు వెనక్కి తీసుకోదు.

రాజాం_రోడ్డు (రాజాం)
తిరిగిరావడం గురించి మాటొచ్చింది కనక. మన దగ్గర చిరునామాలతోనే సగం గొడవ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది, పిన్ మాత్రం పాత 532127 అలాగే ఉంది. పాలకొండ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా, పిన్ 532440. పిన్ కొట్టగానే సైటు ‘శ్రీకాకుళం’ అని దానంతటదే నింపేస్తుంది. పాఠకుడు అది తప్పనుకుని జిల్లా సరిచేయబోయి, పిన్ను కూడా విజయనగరం 535001కి మార్చేస్తాడు. పార్సిల్ విజయనగరం వెళ్ళి కూర్చుంటుంది.
జిల్లా ఏది పడ్డా పట్టించుకోవద్దు, పిన్ కదపొద్దు అని ఆర్డర్ మెసేజీలోనే రాసీండి. ఊరు, మండలం, పోస్టాఫీసు పేరు, ఫోన్ నంబరు. అడ్రసు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. బయటి రాష్ట్రంలో ప్రింటయ్యే పుస్తకానికి ఇంగ్లీషు తప్పదు, పల్లెలో ఇచ్చేవాడికి తెలుగు సుఖం.

తపాలా_సంచి
ఇది నిజం. ఇంకోటి, లోపలి పల్లెలకి ప్రైవేటు కొరియర్ ఊరిదాకా రాదు. పక్క టౌన్ నుంచి ఫోన్ చేసి ‘వచ్చి పట్టుకెళ్ళండి’ అంటారు. 220 రూపాయల పుస్తకం కోసం మనిషి బస్సెక్కి రాడు. వారం చూసి తిప్పి పంపేస్తారు. తపాలా అయితే బ్రాంచి పోస్టాఫీసు ఉంటుంది. సీతంపేట, మందస లోపలి ఊళ్ళకి సైటు ఏ కొరియర్‌ని వాడుతోందో చూసి గానీ ఆర్డర్ పెట్టించొద్దు.

వంశధార_ఒడ్డు (నరసన్నపేట)
ప్యాకింగ్ ఎవరూ ఎత్తలేదు. చెడిపోయిన కాపీ మళ్ళీ పంపితే ఖర్చు రెండింతలు కదా, అదీ పోస్టు ఖర్చే.

పుస్తకం పోయేది రెండు చోట్ల: మూలలు, తడి. మూల నలగడం ఎందుకంటే కవరు పుస్తకం కన్నా పెద్దదై లోపల అది జారుతుంది. సంచి కింద పడ్డప్పుడు బరువంతా ఒక్క మూల మీద దిగుతుంది. మందం కన్నా బిగువు ముఖ్యం.

వరసగా చెప్తాను. ముందు పల్చటి పాలిథిన్ సంచి, నోరు మడిచి టేపు ఒక్క ముక్క. వానాకాలం అని కాదు, ఏడాదంతా. ఆపైన మూడు పొరల అట్ట ముక్క, పుస్తకం కన్నా నాలుగు వైపులా ఒక సెంటీమీటరు ఎక్కువ. పైనొకటి కిందొకటి. ఆ సెంటీమీటరే నలుగుతుంది, మూల మిగులుతుంది. మీద బ్రౌన్ పేపరు. రెండు అట్టలు కలిపి 30 గ్రా. దాకా పడతాయి, కాబట్టి 290 లెక్క పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ 300 దాటిపోతారు! అప్పుడు కింద ఒక్కటే అట్ట పెట్టి, పైన బబుల్ షీటు.

మాట్ లామినేషన్ అట్ట మన గాలికి పైకి లేస్తుంది. లామినేషన్ ఒకవైపే కదా, లోపలివైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది, బయటవైపు ప్లాస్టిక్ సాగదు. పెట్టె రాగానే విప్పి అలమరలో నిలబెట్టొద్దు. పడుకోబెట్టి, వెన్నులు ఒకటి ఇటు ఒకటి అటు వచ్చేలా దొంతర పేర్చి, మీద బరువు పెట్టండి.

నాగావళి_గట్టు
పెట్టె తెరిచేటప్పుడు ఇంకేమైనా చూడాలా?

డీటీపీ_కుర్చీ
సీలు తీయకముందు నుంచి ఆపకుండా వీడియో. సైట్లు ఫిర్యాదుకి అదే అడుగుతాయి. తర్వాత ప్రతి కాపీ మధ్యలో తెరిచి వెన్ను దగ్గర మెల్లగా వంచండి. జిగురు తక్కువైతే అక్కడే టప్పుమంటుంది. మొదటి పేజీ, చివరి పేజీ, ఇంకా ‘క్ష్మ’, ‘స్త్ర’ లాంటి సంయుక్తాక్షరాలున్న ఒక పేజీ. ఫాంట్ పీడీఎఫ్‌లోనే ఇమిడి (ఎంబెడ్ అయి) లేకపోతే ఇవే విడిపోతాయి. ముప్ఫై తెప్పించకముందే ఒక్క కాపీ తెప్పించి ఇవన్నీ చూడాలి. ఆ ఒక్క కాపీకి 75 పోతే పోనీండి.

పలాస_జీడి
విజయవాడలో ప్రింట్ చేయించి ఆర్టీసీ కార్గోలో తెచ్చీసుకుంటే?

మూడులాంతర్లు
వందా, రెండు వందల కాపీలు ఒకేసారి వేసేవాళ్ళకి అదే మంచి దారి. పార్సిల్ శ్రీకాకుళం కాంప్లెక్సులోనో విజయనగరం కాంప్లెక్సులోనో (అదే, ఆర్టీసీ బస్టాండు) దిగుతుంది. ఇంటికి రాదు, మీరే వెళ్ళి తెచ్చుకోవాలి, ఆలస్యం చేస్తే డెమరేజి వేస్తారు. అట్టపెట్టె అయిదు పొరలది, ఒక్కోటి 15 కిలోలు దాటకుండా కట్టమనండి. అంతకన్నా బరువైతే ఎత్తలేక దొర్లిస్తారు, మూలలు అక్కడే పోతాయి. కానీ వంద కాపీలు ఇంట్లో పెట్టుకునేవాడికి ప్రింట్ ఆన్ డిమాండ్ ఎందుకు చెప్పండి?

బిల్లు సంగతి ఒకటి. ముద్రిత పుస్తకానికి జీఎస్టీ లేదు గానీ పోస్టుకీ కొరియర్‌కీ 18 శాతం ఉంది. పాఠకుడి దగ్గర పోస్టేజీ వసూలు చేసేటప్పుడు పన్ను కలిపిన అంకెతో తీసుకోండి. 25 తీసుకుని 29.50 కట్టే రచయితలు ఎంతోమంది.

వంశధార_ఒడ్డు
అమెరికాలో ఉన్నవాళ్ళు అడిగితే ఇక్కడి నుంచి ఒక్కొక్క కాపీ పంపకండి, పోస్టు పుస్తకం వెలని దాటుతుంది. పైగా 2025 ఆగస్టులో అక్కడికి తపాలా పార్సిళ్ళు ఆపేసి మళ్ళీ అక్టోబరులో గానీ తెరవలేదు. ఇక్కడికి వచ్చి వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో పది కాపీలు పెట్టి, అక్కడ మీడియా మెయిల్‌లో వేయించండి. పుస్తకాలకని వాళ్ళ తపాలా శాఖ నడిపే చవక సర్వీసు అది. నెమ్మదిగా పోతుంది, పర్లేదు.

నాగావళి_గట్టు
సరే, అయితే ఇలా చేస్తాను. పేజీలు 208కి, కాగితం 70కి. కాపీరైట్ పేజీలో ప్రచురణకర్తగా నా పేరు, ఊరు. ముందు ఒక కాపీ, అది పట్టుకుని హెడ్ పోస్టాఫీసుకి. జ్ఞాన్ పోస్ట్ ఒప్పుకుంటే 30 తెప్పిస్తాను, లేదంటే 15 తెప్పించి ఊళ్ళో అమ్మకానికే ఉంచి, దూరం ఆర్డర్లకి సైటు లింకు ఇస్తాను. ఇంకేమైనా మర్చిపోయానా?

తపాలా_సంచి
నాలుగు కాపీలు పక్కన పెట్టండి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వచ్చిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకి ఒక్కో కాపీ పంపాలి. ప్రచురణకర్త మీరే అని పేజీలో వేసుకున్నారు కదా, ఆ బాధ్యతా మీదే. 264 గ్రాముల పుస్తకం జ్ఞాన్ పోస్టులో నాలుగింటికీ కలిపి 94.40. అదే స్పీడ్ పోస్టులో ఒక్క చెన్నై కాపీకే 96.76.

రాజాం_రోడ్డు
అయిదోది కూడా. కథల పుస్తకం కదా, కారా మేస్టారు (కాళీపట్నం రామారావు గారు) తెలుగు కథల కోసమే పెట్టిన లైబ్రరీ, కథానిలయానికి ఇవ్వాలి. మీ ఊళ్ళోనే, పోస్టేజీ సున్నా.

నాగావళి_గట్టు
అది ముందే అనుకున్నదే. సైకిల్ మీద వెళ్ళి ఇచ్చి వస్తాను, అట్ట ముక్కలు కూడా అక్కర్లేదు.